కలగలుపు బియ్యం

అమ్మ జ్ఞాపకార్థ కూడిక అయిన మర్నాడు వంటింటి గూడు సర్దుతున్నాను. ఉప్పు జాడీ, చింతపండు కుండ, పోపుల డబ్బా తీసి పక్కన పెట్టాక, మూలన గోడకి ఆనుకుని డాల్డా డబ్బా కనపడింది. మీది చెట్టు బొమ్మ ఎప్పుడో చెరిగిపోయింది. మూత బిగుసుకుపోయి ఉంటే చెంచా కాడతో లేపాను. పాత బియ్యం, ఎండిన వేపాకు, కాస్త తుప్పు కలిసిన వాసన ముక్కుకి తగిలేసరికి అక్కడే పీట మీద కూలబడ్డాను. ముప్పై ఏళ్ళుగా నర్సుగా చేస్తున్నాను. ఎన్ని చావులు దగ్గరుండి చూశానో లెక్కలేదు. అమ్మని పెట్టెలో పెట్టేటప్పుడు కూడా నాకు అంత ఏడుపు రాలేదు.

డబ్బాలో సగానికి పైగా బియ్యం ఉన్నాయి. అది అమ్మ పిడికెడు బియ్యం డబ్బా.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మా పల్లెలో ఎసరు పెట్టి, వండటానికి బియ్యం కొలుచుకున్నాక, అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేవాళ్ళు. రెండు పూటలు వండితే రెండు పిడికిళ్ళు. ఆ పిడికెడు దేవుడిది. ఆదివారం నాటికి పోగైన బియ్యాన్ని గుడ్డలో మూటగట్టి గుడికి, అంటే మా చర్చికి, పట్టుకెళ్ళి, బల్ల ముందు పెట్టిన వెదురు బుట్టలో పోసేవాళ్ళు. జొన్నలు వండుకునే రోజుల్లో జొన్నలే పోసేవాళ్ళు. కూలి డబ్బులు చాలా ఇళ్ళల్లో మగవాళ్ళ చేతికి పోయేవి. పొయ్యి దగ్గర బియ్యం మాత్రం ఆడవాళ్ళ చేతిలో ఉండేవి. అందుకే ఆ పిడికెడు పూర్తిగా వాళ్ళ సొంత కానుక. ఇవ్వమని మొగుణ్ణి అడగక్కర్లేదు, ఇచ్చామని ఎవరికీ చెప్పక్కర్లేదు.

అమ్మ చెయ్యి నాకు ఇప్పటికీ కనపడుతూనే ఉంది. బియ్యంలోకి మణికట్టు దాకా ముంచి, పిడికిలి మూసి, పైకి ఎత్తి ఒక్క క్షణం ఆగేది. వేళ్ళ సందుల్లోంచి జారేవి జారనిచ్చేది. మిగిలినవి డబ్బాలోకి వదిలేది. సోమవారం నాడు ఖాళీ డబ్బా అడుగున గింజలు పడితే రేకు మీద వాన చినుకులు పడ్డట్టు గలగలమనేది. బుధవారానికి ఆ చప్పుడు తగ్గేది. శనివారం సాయంత్రానికి బియ్యం మీద బియ్యం పడి అసలు చప్పుడే ఉండేది కాదు. కళ్ళు మూసుకుని పడుకుని కూడా ఆ చప్పుణ్ణి బట్టి అది ఏ వారమో చెప్పగలిగేదాన్ని.

* * *

మాది ఒంగోలుకి దగ్గర్లో, గుండ్లకమ్మ పరీవాహకంలో ఒక చిన్న ఊరు. ఊరికి దక్షిణాన మా మాదిగపల్లె. మా తాత చెప్పులు కుట్టేవాడు, మోట బొక్కెనలు కుట్టేవాడు. బావుల మీదకి కరెంటు మోటార్లు వచ్చాక ఆ పని పోయింది. నాయన పొగాకుని వేడికి ఆరబెట్టే బ్యారన్ల దగ్గర కూలికి కుదిరాడు. సీజన్‌లో రాత్రిళ్ళు బ్యారన్ దగ్గరే పడుకుని మంట చూసుకునేవాడు. అమ్మ పగలు ఆకు కర్రలకి అల్లేది, తర్వాత గ్రేడింగుకి వెళ్ళేది. పొగాకు జిగురు ఆమె అరచేతుల గీతల్లో నల్లగా పట్టుకుపోయి ఉండేది. ఇసక వేసి రుద్దినా పోయేది కాదు. ఆ చేతులతో అన్నం కలిపి పెడితే మొదటి ముద్ద చేదుగా తగిలేది. చిన్నప్పుడు నాకు నచ్చేది కాదు, మొహం పక్కకి తిప్పుకునేదాన్ని.

పల్లె మధ్యలో వేపచెట్టు, దాని కొమ్మకి వేలాడేసిన రైలు పట్టా ముక్క. అదే మా గుడి గంట. ఇనప కడ్డీతో కొడితే కణకణమని పై ఊరి దాకా వినపడేది. గుడి అంటే మట్టి గోడలు, తాటాకు కప్పు. తర్వాత పెంకులు పడ్డాయి, ఇంకా తర్వాత స్లాబు వేశారు. నాలుగింటికి మొదటి గంట కొట్టగానే అమ్మ లేచి, ముసుగు కప్పుకుని, చీకట్లోనే తెల్లవారుజాము ప్రార్థనకి వెళ్ళొచ్చేది. వచ్చాక పేడనీళ్ళు చల్లి, పొయ్యి రాజేసి, ఆరింటికల్లా పనిలోకి పోయేది. ఆ మనిషి ఎప్పుడు నిద్రపోయేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఎవరన్నా ఎదురుపడి "ఏమ్మా, బాగున్నారా?" అంటే అమ్మ జవాబు ఒకటే. "ప్రభువు కృప, బాగున్నాం." వాన వస్తే ఇంట్లో నాలుగు చోట్ల గిన్నెలు పెట్టేవాళ్ళం. షావుకారు వారానికోసారి గుమ్మం ముందుకొచ్చి నిలబడేవాడు. అయినా అదే జవాబు. పెద్దవాళ్ళకి అది నోటికొచ్చిన మాట మాత్రమే అనుకునేదాన్ని నేను.

* * *

ఆరో తరగతిలో ఒక అమ్మాయి నన్ను "పాలపిండి కోసం కలిసినోళ్ళు" అంది. తనకి ఆ మాట ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర్నుంచి వచ్చి ఉంటుంది. కలవడం అంటే మతంలో కలవడం. ఆ రోజు ఇంటికొచ్చి పుస్తకాల సంచి విసిరికొట్టాను. నాయనమ్మ మంచం మీద కూచుని ఆముదపు గింజలు ఒలుస్తోంది. ఏమైందో చెప్పాను. ఆమె ఒలవడం ఆపకుండానే మొదలుపెట్టింది.

ధాత కరువులో నాయనమ్మ వాళ్ళ తాత కుర్రవాడట. 1876లో మొదలైన ఆ కరువుని మా వైపు పెద్దవాళ్ళు ధాత నామ సంవత్సరం పేరుతోనే చెప్పుకునేవాళ్ళు. బావులు ఎండి, పశువులు చచ్చి, జనం చెట్ల వేర్లు ఉడకబెట్టుకు తిన్నారు. అప్పుడు ఒంగోలులో అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లౌ దొరగారు ఉన్నారు. ఆయనకి సర్వే పని తెలుసు. సముద్రం పక్కన బకింగ్‌హాం కాలువ తవ్వుతుంటే అందులో కొన్ని మైళ్ళు ఆయనే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళందరికీ తట్టా పారా ఇచ్చి కూలిపని చూపించాడు. సాయంత్రాలు పని ఆపాక తెలుగు బోధకులు అక్కడే కూచుని వాక్యం చెప్పేవాళ్ళు. వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు.

"ఇచ్చాడా?" అన్నాను.

"ఇవ్వలా. కడుపు మాడేటప్పుడు తీసుకున్న బాప్తిస్మం రేపు కడుపు నిండాక నిలుస్తదో లేదో అన్నాడంట. కరువు పోయి, వానలు పడి, జొన్న చేలు పచ్చబడే దాకా ఒక్కరికి కూడా ఇవ్వలా. గంజి తాగి పోయేవాళ్ళయితే పోనీ అని చూశాడు. ఎవురూ పోలా."

ఆ తర్వాత ఏళ్ళకి నేను చదివి తెలుసుకున్నాను. ఏడాదికి పైగా ఆయన బాప్తిస్మాలు నిలిపేసిన మాట నిజమే. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మందికి ఇచ్చారు. నీళ్ళల్లో నిలబడి ఇచ్చినవాళ్ళు తెలుగు బోధకులు, ఆరుగురు. ఒకసారికి ఇద్దరు దిగితే, వాళ్ళు అలిసిపోయాక ఇంకో ఇద్దరు దిగేవాళ్ళు. ఆ వరసలో మా నాయనమ్మ తాత కూడా ఉన్నాడు. ఆ వరసకి పన్నెండేళ్ళ ముందు, 1866లో, తోళ్ళ వ్యాపారం చేసుకునే యెర్రగుంట్ల పేరయ్య గారూ ఆయన భార్య నాగమ్మ గారూ బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళ పేర్లు నాయనమ్మ సొంత మేనమామ పేరు చెప్పినంత చనువుగా చెప్పేది.

ఒంగోలు ప్రార్థన కొండ సంగతి కూడా ఆమె దగ్గరే విన్నాను. 1854 జనవరి 1న ఇంకా చీకటుండగానే మిషనరీ జూయెట్ దొర దంపతులు, వాళ్ళతో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి, ఈ ప్రాంతానికి ఎవరినన్నా పంపమని మోకరించారు. క్లౌ దొర వచ్చింది ఆ తర్వాత పన్నెండేళ్ళకి. ఒక కొత్త సంవత్సరం రోజున నాయన నన్ను భుజాన ఎక్కించుకుని ఆ కొండెక్కాడు. పైన చలిగాలి, కింద ఊళ్ళో అక్కడక్కడా దీపాలు. "ఇక్కడే మోకరించారు" అని ఒక బండ చూపించాడు. ఆ బండో కాదో గానీ, నాయన అంత నమ్మకంగా చూపించేసరికి నేను దాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉన్నాను.

కథంతా చెప్పి నాయనమ్మ చివర్న చాటలో పప్పు చెరుగుతూ అంది. "బియ్యం తీసుకునే చేతులే చూశారు వాళ్ళు. మీయమ్మ రోజూ బియ్యం తీసే చెయ్యి చూళ్ళా."

* * *

రెండు రూపాయల కిలో బియ్యం వచ్చిన కొత్తల్లో, 1983 తర్వాత ఒకటి రెండేళ్ళకి అనుకుంటాను, వరసగా వానలు లేవు. పైగా నాయనకి క్షయ పట్టుకుంది. బ్యారన్ పొగకి దగ్గు అనుకున్నాం, చివరికి కళ్ళెలో నెత్తురు పడింది. అమ్మ కూలి ఒక్కటే ఆధారం. సీజన్ అయిపోయాక అది కూడా లేదు. రెండు రూపాయలకి బియ్యం ఇస్తున్నారు గదా అంటారు. మా కార్డు షావుకారు దగ్గర తాకట్టులో ఉంది. మా పల్లెలో మాది ఒక్కటే కాదు, చాలా కార్డులు ఆయన పెట్టెలోనే ఉండేవి.

ఒక రాత్రి దీపం ఆర్పేశాక తలుపు చప్పుడైంది. అమ్మ తీసింది. పాస్టరమ్మగారు, ఒక్కతే, చేతిలో చేట, మీద గుడ్డ కప్పి ఉంది.

"నీ చేట మా ఇంట్లో ఉండిపోయిందమ్మా. ఇచ్చిపోదామని వచ్చా."

అమ్మ చేట గోడకి తగిలించే ఉంది. నేను పడుకున్న చోటు నుంచి నాకు కనపడుతూనే ఉంది. అమ్మ మాత్రం ఏమీ అనకుండా రెండు చేతులా అందుకుంది. పాస్టరమ్మగారు "వందనాలమ్మా" అని వెళ్ళిపోయింది. లోపలికి రాలేదు, కూచోలేదు.

పొద్దున చూశాను. చేటలో నాలుగైదు మానికల బియ్యం. అలాంటి బియ్యం నేను అంతకుముందు చూడలేదు. లావు గింజలు, సన్న గింజలు, ఎర్ర పొర ఉన్నవి, కార్డు బియ్యం ముక్కలు, ఎవరింట్లోవో మొలగొలుకులు, మధ్యలో నాలుగు జొన్న గింజలు. పల్లెలో ప్రతి ఇంటి పిడికెడూ అందులో ఉంది. కొన్ని గింజల్ని చూసి ఇవి ఎవరింటివో చెప్పగలిగాను. ఎర్రవి మా పెద్దమ్మ వాళ్ళవి. మొలగొలుకులు కాలువ కింద రెండెకరాలు కౌలుకి చేసే వాళ్ళవి.

ఆ అన్నం సరిగ్గా ఉడకదు. సన్నబియ్యం మెత్తగా పేస్టయిపోతుంటే లావు గింజలు ఇంకా పలుగ్గానే ఉంటాయి. నోట్లో ఒక్కో గింజ ఒక్కో రకంగా తగులుతుంది. మా తమ్ముడు చిన్నవాడు, "ఇదేం అన్నమే అక్కా" అని నవ్వాడు. నాలుగు రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాం. నాయన గంజి తాగి, గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే చూడనట్టు బయటికి వెళ్ళిపోయాను.

నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ సాయంత్రం. అమ్మ ఎసరు పెట్టి, ఆ కలగలుపు బియ్యం కొలిచి, ఎప్పట్లాగే చెయ్యి ముంచి పిడికెడు తీసి డాల్డా డబ్బాలో వేసింది. అడుగున గలగలమంది. నాకు ఒళ్ళు మండింది. పన్నెండేళ్ళ పిల్లని, మళ్ళీ ఎన్ని రోజులు పస్తుండాలో అని లెక్క వేసుకుంటున్నదాన్ని.

"వాళ్ళిచ్చిన బియ్యమే మళ్ళీ వాళ్ళకిస్తావా అమ్మా? మనకే లేవు గదా!"

అమ్మ నన్ను తిట్టలేదు. మూత పెట్టి డబ్బా గూట్లోకి తోసి, పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ అంది.

"ఆ చేటకి మనిల్లే ఆఖరా ఏంది?"

ఆ చేట ఆ ఏడు మా ఇంటికి ఇంకో మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ పాస్టరమ్మగారు అదే మాట చెప్పింది. కొన్ని నెలల తర్వాత అదే చేట, అంచుకి నీలం గుడ్డ కట్టింది, మా వెనకింటి గుమ్మంలో చూశాను. ఎవరికీ చెప్పలేదు.

నాయన మందులు సర్కారు ఆసుపత్రిలో ఇచ్చేవాళ్ళు. ఏడాదిన్నర ఆపకుండా మింగాడు, బతికాడు. నేను నర్సు కావాలని ఆ మందుల వరసలో నిలబడ్డప్పుడే అనుకున్నాను.

* * *

కోత పండుగ గురించి చెప్పకపోతే అమ్మ నన్ను క్షమించదు. పంటలు ఇంటికొచ్చాక ఒక ఆదివారం ఎవరికి తోచింది వాళ్ళు గుడికి తెచ్చేవాళ్ళు. గుమ్మడికాయలు, కందికాయల కట్టలు, కోడిపుంజులు, ఒకసారి కాళ్ళు కట్టేసిన మేకపిల్ల. ఆరాధన అయ్యాక అన్నీ వేలం వేసేవాళ్ళు. ఒక ఏడు అమ్మ దగ్గర ఏమీ లేక ఒక్క కోడిగుడ్డు పట్టుకెళ్ళింది, కొంగు చాటున దాచుకుని. సంఘపెద్ద ఆ గుడ్డు పైకెత్తి పాట మొదలుపెట్టాడు. పావలా దగ్గర కొన్నాయన మళ్ళీ వేలానికే ఇచ్చేశాడు. అర్ధరూపాయికి కొన్నామె కూడా ఇచ్చేసింది. ఆ గుడ్డు అట్లా గుడంతా తిరిగి, చివరికి పన్నెండు రూపాయలు తెచ్చింది. అమ్మ తల ఎత్తలేదు గానీ ఆమె చెవులు ఎర్రబడటం నేను చూశాను.

ఈస్టరు ముందు రోజుల్లో సమాధుల తోటలో పిచ్చిమొక్కలు పీకి, సమాధులకి సున్నం కొట్టేవాళ్ళం. మట్టి దిబ్బే సమాధి అయినవాళ్ళకి ఆ దిబ్బ మీదే సున్నంతో సిలువ గీసేవాళ్ళం. ఈస్టరు నాడు మూడింటికే లేచి కొవ్వొత్తులతో వెళ్ళేవాళ్ళం. చీకట్లో ప్రతి సమాధి మీదా ఒక వెలుగు. పాటలు పాడుతుండగానే తూర్పున ఎర్రబడేది. నాయనమ్మ సమాధి దగ్గర మా తమ్ముడు కొవ్వొత్తి ఆరిపోకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి, వేళ్ళు కాలుతున్నా తియ్యకుండా అట్లాగే కూచునేవాడు.

2020లో ఏప్రిల్ 12న ఈస్టరు. లాక్‌డౌన్‌లో ఎవరూ కదలటానికి లేదు. అమ్మ గుమ్మంలోనే ఒక కొవ్వొత్తి వెలిగించానని ఫోన్లో చెప్పింది. వచ్చే ఏడు అందరం కలిసి వెళ్దాంలే అన్నాను.

* * *

నా నర్సింగు చదువు, ఉద్యోగం, పెళ్ళి, హైదరాబాదు కాపురం అన్నీ ఇక్కడ చెప్పబోవటం లేదు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. క్రైస్తవంలో కలిసిన దళితులకి ఎస్సీ హోదా ఉండదు, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం. మావాళ్ళల్లో చాలామంది కాగితాల్లో ఒక పేరు, గుడిలో ఒక పేరు పెట్టుకుని బతికారు. వాళ్ళని నేను తప్పు పట్టను, పిల్లల అన్నం సంగతి అది. నాయన మాత్రం మా ఇద్దరికీ క్రైస్తవులైన దళితులకిచ్చే బీసీ-సీ అనే రాయించాడు. తమ్ముడికి దాంతో రెండు ఉద్యోగాలు చేతిదాకా వచ్చి పోయాయి. చివరికి ఒంగోల్లో ఆటో తోలుకున్నాడు. ఒక్కసారి కూడా నాయన్ని దెప్పలేదు.

2021 ఎండాకాలంలో, సెకండ్ వేవ్‌లో, తమ్ముడు పోయాడు.

ఆ వారం నేను హైదరాబాదులో పాజిటివ్ వచ్చి ఇంట్లో పడి ఉన్నాను. అంతకుముందు నెల రోజులు కోవిడ్ వార్డులో డ్యూటీలు చేశాను. ఎవరెవరి తమ్ముళ్ళకో ఆక్సిజన్ పెట్టాను. మా తమ్ముడికి ఒంగోల్లో బెడ్ దొరకలేదు. ఒక ప్రైవేటు ఆసుపత్రి ముందు డబ్బు కడితేనే లోపలికి అంది. కట్టేసరికి ఆలస్యమైంది. ఫోన్లోనే చూశాను సమాధి. మాస్కులు కట్టుకున్న నలుగురు, ప్లాస్టిక్ మూట, పార. అమ్మని తోట గేటు దగ్గరే ఆపేశారు. గంట మాత్రం ఎవరో కొట్టారు. ఆ రైలు పట్టా ముక్క చప్పుడు ఫోన్లో చిన్నగా, దూరంగా, ఆగి ఆగి వినపడింది.

రెండు రోజులకి అమ్మ ఫోన్ చేసింది. నేను అరిచేశాను. "ఎక్కడమ్మా నీ కృప? చెప్పు, ఎక్కడుంది?" అమ్మతో నేను అట్లా ఎప్పుడూ మాట్లాడలేదు.

చాలాసేపు అటునుంచి ఏమీ వినపడలేదు. తర్వాత నెమ్మదిగా అంది. "నాకూ తెలవట్లేదమ్మా. ప్రార్థనకి మోకరిస్తే మాటే రాట్లా. నిన్న పొద్దుగూకి ఎసరు పెట్టా, బియ్యం కొలిచా. నేను అనుకోకముందే నా చెయ్యి పిడికెడు తీసింది. డబ్బాలో పడ్డాక తెలిసింది తీశానని." ఇంకాసేపు ఆగి, "నోరు ఆగిపోయినా చెయ్యి ఆగలేదమ్మా" అంది. ఇద్దరం ఏడ్చాం.

ఆ పధ్నాలుగు రోజులూ మా అపార్ట్‌మెంట్‌లో మా తలుపు ముందు ఒక స్టూలు ఉండేది. మా ఆయనకీ జ్వరమే, బాబుకీ జ్వరమే, వండే ఓపిక ఎవరికీ లేదు. బెల్ కొట్టి వెళ్ళిపోయేవాళ్ళు. తీసేసరికి స్టూలు మీద డబ్బాలు. కింద ఫ్లోర్ ఖాలా పంపిన జీరా అన్నం, ఎదురింటి మామిగారి మెత్తటి పెరుగన్నం, మా చర్చి యూత్ పిల్లలు తెచ్చిన సాంబారన్నం, నాతో పనిచేసే ఆయమ్మ తన ఇంట్లో వండి ఆటోకిచ్చి పంపిన ముద్దపప్పు, అన్నం. ఒక రోజు రాత్రి ఏ డబ్బాలోనూ ఒకరికి సరిపడా లేదు. అన్నీ ఒక గిన్నెలో వేసి కలిపాను. వాసన తెలియదు, రుచి తెలియదు. కానీ నోట్లో ఒక గింజ పొడవుగా, ఒక గింజ మెత్తగా, ఒకటి పలుగ్గా తగిలింది. ముద్ద గొంతు దిగలేదు. "బాగా లేదా?" అన్నాడు మా ఆయన. బాగుందని తల ఊపాను. చేటకి కట్టిన నీలం గుడ్డ గుర్తొచ్చింది.

ఆ రాత్రి మోకరించాను. నాకూ మాటలు రాలేదు. మోకాళ్ళ మీద ఉన్నాను, అంతే.

* * *

ఆ తర్వాత ఏమన్నా తేలికైందా అంటే, లేదు. మా ఆయన పనిచేసే కంపెనీ మూతపడింది. ఫ్లాటు ఈఎంఐ ఇంకా తొమ్మిదేళ్ళుంది. బాబు డిగ్రీ పట్టుకుని ఇంటర్వ్యూలకి తిరుగుతున్నాడు. నెల మొదట్లో టెన్షన్‌తో నాకు నిద్ర పట్టదు. తమ్ముడి పిల్లల ఫీజుల సంగతి కూడా నేనే చూడాలి, చూస్తాను. ఎవరన్నా బాగున్నారా అని అడిగితే ఇప్పుడు నా నోట కూడా అమ్మ మాటే వస్తోంది. అది నోటికొచ్చిన మాట మాత్రమే కాదని నాకు ఇప్పుడు తెలుసు.

డాల్డా డబ్బా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూచున్నాను. మా మరదలు వచ్చి చూసి, "వదినా, అవి పారబొయ్యమంటారా? పాతబడి ఉంటాయి" అంది. వద్దన్నాను. చాటలో పోసి చెరిగాను. ఎండిన వేపాకులు ముట్టుకుంటే పొడి అయిపోతున్నాయి. బియ్యం మాత్రం పురుగు పట్టలేదు. కొన్ని సన్నవి, కొన్ని లావువి. మరదలు చెప్పింది. అమ్మ పింఛను మీద బతుకుతూ కార్డు బియ్యం తినేది. చివరి నెలలో వంట చేసుకోలేక మంచం పట్టాక, ఇరుగుపొరుగు ఎవరన్నా బియ్యం తెస్తే, మరదల్ని పిలిచి, "ఎసట్లో పొయ్యకముందు పిడికెడు తియ్యవే" అని గుర్తు చేసేదట. తను తీసిందో లేదో డబ్బా చప్పుణ్ణి బట్టి కనిపెట్టేదట.

ఎల్లుండి డ్యూటీ ఉన్నా, ఆదివారం దాకా ఆగాను. పాత చీర ముక్కలో బియ్యం మూటగట్టి గుడికి వెళ్ళాను. ఇప్పుడు టైల్స్, ఫ్యాన్లు, మైకులు, కానుకకి క్యూఆర్ కోడ్ కూడా పెట్టారు. రైలు పట్టా ముక్క మాత్రం అదే వేపచెట్టుకి ఉంది. పిడికెడు బియ్యం ఇప్పుడు తెచ్చేది ఏడెనిమిది మంది ముసలమ్మలే. బుట్ట బదులు ప్లాస్టిక్ టబ్బు పెట్టారు, బల్లకి ఒక పక్కగా. ఇప్పటి పాస్టరమ్మగారు చిన్నమ్మాయి, నా కూతురంత ఉంటుంది. నా చేతిలో మూట చూసి దగ్గరికొచ్చింది.

"ఎవరి పేరు మీద అక్కా?"

అమ్మ పేరు చెప్పాను. ఆ అమ్మాయి తల పంకించి, టబ్బు కొంచెం నా వైపు జరిపింది.

మూట విప్పి, చెయ్యి అడ్డం పెట్టి నెమ్మదిగా వంచాను. టబ్బులో అప్పటికే ముసలమ్మల బియ్యం ఉన్నాయి. చప్పుడు కాలేదు.